బొగ్గుబాయి నీడన పుట్టిన వేగం: యూరపు థ్రాష్ మెటల్ తొలినాళ్ళు, దాని మనుగడ

2022 అక్టోబరులో ఖతార్ ప్రభుత్వ పెట్టుబడుల సంస్థ జర్మనీకి చెందిన ఆర్‌డబ్ల్యుఇ అనే విద్యుత్ సంస్థలో 243 కోట్ల యూరోలు పెడుతున్నట్టు ప్రకటించింది. దానితో ఆ సంస్థలో సుమారు 9 శాతం వాటా ఖతార్‌ది అయింది. దోహాలో ఉన్న మనలో చాలామంది ఆ వార్తను వ్యాపార పుటలో చూసి పక్కన పెట్టి ఉంటాం. ఆర్‌డబ్ల్యుఇ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు ఎస్సెన్. ఒకప్పుడు బొగ్గుకూ ఉక్కుకూ పేరుబడ్డ రూర్ ప్రాంతంలోని పెద్ద నగరాల్లో అది ఒకటి. అదే నగరానికి ఉత్తరాన, గని కార్మికుల వాడగా పేరున్న ఆల్టెనెస్సెన్‌లో, 1980ల మొదట్లో కొందరు బడిపిల్లలు ఒక వాద్యబృందాన్ని కట్టారు. ఆ బృందం పేరు క్రియేటర్.

బొగ్గు యుగం ముగిసిన ఊరికి గాస్ యుగపు సొమ్ము చేరడం ఆర్థిక చరిత్ర. ఆ ఊరి నుంచి బయలుదేరిన సంగీతం రాస్ లఫాన్‌కు వెళ్ళే ఉద్యోగుల బస్సులో, ఒక తెలుగు ఇంజనీరు చెవుల్లో మోగడం మరో రకం చరిత్ర. ఈ వ్యాసం ఆ రెండో చరిత్ర గురించి. ఐరోపా థ్రాష్ మెటల్ ఎక్కడ, ఎవరి చేతుల్లో, ఏ పరిస్థితుల్లో రూపుకట్టింది? నలభై ఏళ్ళు దాటినా, భాషా దేశమూ వేరైన మనుషులను అది ఎందుకు పట్టుకుంటోంది? ఇది ఉత్త రొద అని తీసిపారేసేవారికి సమాధానం చెప్పడం ఇక్కడ ప్రధానోద్దేశం కాదు. ఒక సంగీతం పుట్టడానికి ఏమేమి కావాలో తెలుసుకోవడానికి ఇది చాలా మంచి ఉదాహరణ.

పేరు, స్వరూపం

థ్రాష్ అన్న ఇంగ్లీషు మాటకు మూలం కళ్ళంలో ఉంది. కంకుల నుంచి గింజలు రాలేదాకా కొట్టడాన్ని సూచించే మాటకు అది మరో రూపం. మన నూర్పిడి అన్నమాట. ఎడతెగకుండా, ఒకే ఊపుతో, అలుపు తెలియనట్టు కొట్టడమనే ఆ అర్థం ఈ సంగీతానికి సరిగ్గా సరిపోయింది.

ఈ సంగీతపు స్వరూపాన్ని మనకు తెలిసిన పరిభాషలో చెప్పుకోవచ్చు. గిటారులో అన్నిటికంటే లావైన తీగ ఈ శైలికి ఆధారషడ్జం వంటిది. వాద్యకారుడు ఆ తీగను కుడి అరచేతి అంచుతో కాస్త అదిమిపట్టి, చిన్న పలకతో కిందికీ పైకీ అతి వేగంగా మీటుతాడు. నాదం సాగదు, తెగి తెగి, గట్టిగా, పొడిగా వినబడుతుంది. మధ్యమధ్య పై స్వరాలను తాకి మళ్ళీ ఆ ఆధారానికే తిరిగి వస్తాడు. తంబురా శ్రుతి వెనక నిలిచి ఉండగా గాయకుడు పైన సంచరించడానికీ దీనికీ పోలిక ఉంది. తేడా ఏమిటంటే ఇక్కడ శ్రుతి కూడా పరుగెడుతుంది.

ఏయే స్వరాలను తాకుతాడన్నది మరో ముఖ్య విషయం. షడ్జాన్ని ఆనుకుని ఉన్న శుద్ధ రిషభం, షడ్జానికి సరిగ్గా సగం స్థాయి దూరంలో ఉన్న ప్రతిమధ్యమం, ఈ రెండూ థ్రాష్‌లో పదేపదే వస్తాయి. పాశ్చాత్యులు ఫ్రిజియన్ అని పిలిచే స్వరక్రమం మన హనుమతోడి స్వరస్థానాలతో సరిపోతుంది. గమకాలు లేవు కనుక అది తోడిలా వినిపించదు. అయినా ఆధారస్వరానికి అతి దగ్గరగా మరో స్వరం ఒరుసుకుంటున్నప్పుడు కలిగే కలవరపాటు మన చెవికి కొత్తదేమీ కాదు. పాశ్చాత్య శ్రోతకు ప్రమాద సూచనగా వినబడేది, రాగసంగీతం విన్న చెవికి ఏదో ఎరిగిన చాయగా తోచవచ్చు.

ఇక లయ. నిమిషానికి 180, 200, ఒక్కోసారి అంతకు మించిన దెబ్బలు. రెండు కాళ్ళతో రెండు పెడళ్ళను తొక్కుతూ పెద్ద డ్రమ్మును నిరంతరాయంగా మోగించడం దీని ముద్ర. హఠాత్తుగా సగం కాలానికి దిగి, మళ్ళీ పై కాలానికి ఎగబాకడం దీని నాటకీయత. పాడే గొంతు రాగం తీయదు. అరుస్తుంది, గర్జిస్తుంది, శాపనార్థాలు పెడుతుంది.

ముందరి పాయలు

ఈ ప్రవాహానికి పాయలు ఇంగ్లండులో ఉన్నాయి. 1979లో మోటర్‌హెడ్ బృందం వెలువరించిన ఓవర్‌కిల్ అనే రికార్డు, రెండు పెడళ్ళ డ్రమ్ము వేగం పాట మొత్తాన్నీ మోయగలదని చూపింది. న్యూకాసిల్ నుంచి వెనమ్ అనే ముగ్గురి బృందం 1981, 1982లలో రెండు రికార్డులు తెచ్చింది. వాయింపులో నేర్పు తక్కువ, మొరటుతనం ఎక్కువ. ఆ మొరటుతనమే తర్వాతివారికి ధైర్యమిచ్చింది. స్టోక్-ఆన్-ట్రెంట్‌కు చెందిన డిస్చార్జ్ అనే పంక్ బృందం 1982లో అణుయుద్ధ భయాన్ని రెండేసి నిమిషాల పాటల్లో కుదించి చెప్పింది. మెటల్ నుంచి బరువు, పంక్ నుంచి వేగమూ కోపమూ. థ్రాష్ ఈ రెంటి పెళ్ళి.

ఆ పెళ్ళి అమెరికాలో ముందుగా జరిగింది. 1983లో మెటాలికా, స్లేయర్ బృందాల తొలి రికార్డులు వచ్చాయి. అయితే అప్పుడు కూడా రాకపోకలు ఒకవైపే లేవు. మెటాలికా డ్రమ్మరు లార్స్ ఉల్రిక్ డెన్మార్క్‌లో పుట్టినవాడు. ఇంగ్లండు బృందాల రికార్డులను వెతికి వెతికి సేకరించిన అభిమాని. 1984 ఫిబ్రవరిలో మెటాలికా తొలిసారి ఐరోపా పర్యటనకు వచ్చింది వెనమ్‌తో కలిసి. ఆ ఏడే వారి రెండో రికార్డు కోపెన్‌హాగెన్ స్టూడియోలో తయారయింది. కనుక ఐరోపా థ్రాష్‌ను అమెరికా థ్రాష్‌కు నకలు అనడం సరికాదు. ఒకే తల్లికి పుట్టి, వేర్వేరు ఇళ్ళలో పెరిగిన బిడ్డలు అవి.

గనులు మూతపడుతున్న కాలం

ఐరోపా థ్రాష్‌కు పెద్ద దిక్కులైన నాలుగు జర్మన్ బృందాలూ 1981, 1982 ప్రాంతంలోనే మొదలయ్యాయి. ఎస్సెన్‌లో క్రియేటర్, పక్కనే గెల్జెన్‌కిర్షెన్‌లో సోడమ్, స్విట్జర్లండు, ఫ్రాన్సు సరిహద్దులు కలిసే మూలన ఉన్న వైల్ ఆమ్ రైన్ అనే చిన్న ఊళ్ళో డిస్ట్రక్షన్, ఫ్రాంక్‌ఫర్టులో టాంకర్డ్.

మొదటి రెండు ఊళ్ళూ రూర్‌లోవి. 1957 నాటికి పశ్చిమ జర్మనీ బొగ్గు గనుల్లో ఆరు లక్షల మందికి పైగా పనిచేసేవారు. ఆ తర్వాత ఏడాది నుంచే చమురు, దిగుమతి బొగ్గు ముందు నిలవలేక గనులు ఒకటొకటిగా మూతపడసాగాయి. 1980ల్లో పెరిగిన పిల్లలకు తండ్రి చేసిన పని తమకు మిగలదని తెలుసు. ఎస్సెన్‌లోని చివరి బొగ్గుగని, ప్రసిద్ధమైన సోల్‌ఫెరైన్, 1986 డిసెంబరు 23న ఆగిపోయింది. 1987 చివర్లో డూయిస్‌బర్గ్‌లో రైన్‌హౌసెన్ ఉక్కు కర్మాగారాన్ని మూసివేస్తామన్న ప్రకటన మీద నెలల తరబడి కార్మిక పోరాటం నడిచింది.

సోడమ్ నాయకుడు టామ్ ఏంజెల్‌రిప్పర్ సంగీతాన్ని వృత్తిగా చేసుకోకముందు బొగ్గుగని కార్మికుడు. మన సింగరేణివారి మాటలో చెప్పాలంటే బాయిలో షిఫ్టు చేసి వచ్చిన మనిషి. అతని గొంతులో ఉన్న గరుకుదనాన్ని వేదిక మీద నేర్చుకున్న వేషంగా ఎవరూ అనుకోలేదు.

క్రియేటర్ గాయకుడు మిలె పెట్రోజ్జా కథ మనకు మరింత దగ్గరిది. అతని తండ్రి ఇటలీ దక్షిణాన ఉన్న కలాబ్రియా నుంచి వచ్చినవాడు. పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని తన గనులకూ కర్మాగారాలకూ మనుషులను పిలిపించుకుంది. వారిని అతిథి కార్మికులు అన్నారు. పని అయ్యాక వెళ్ళిపోతారన్నది ఆ మాటలోని భావం. చాలామంది వెళ్ళలేదు. పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడి బడికి వెళ్ళారు, అక్కడి వీధుల్లో తిరిగారు. 1985లో ఎండ్‌లెస్ పెయిన్ అన్న తొలి రికార్డు వచ్చేనాటికి మిలె వయసు 17. మరుసటి ఏడు వచ్చిన ప్లెజర్ టు కిల్, వేగంలోనూ తీవ్రతలోనూ అప్పటికి ఉన్న హద్దులన్నిటినీ చెరిపివేసింది. ఆ తర్వాత వచ్చిన డెత్ మెటల్ బృందాలు ఈ రికార్డు తమకు బడి వంటిదని చెబుతూ వచ్చాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గనుల చప్పుడు విని పెరిగారు కనుక చప్పుడు సంగీతం చేశారు అనే వాదన వినడానికి బాగుంటుంది. బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీ రేకుల కర్మాగారంలో చివరి రోజు పనిచేస్తూ వేలికొసలు పోగొట్టుకున్న సంగతిని కూడా దానికి జోడిస్తారు. కానీ వైల్ ఆమ్ రైన్‌లో గనులు లేవు. శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలోనూ లేవు. మరోవైపు, ఇల్లెందులో 1880ల చివర నుంచి బొగ్గు తవ్వుతున్నారు. కొత్తగూడెం, గోదావరిఖని దానిమీదే బతికాయి. అక్కడ పాట పుట్టింది, ఉవ్వెత్తున పుట్టింది. డప్పు మీద, జానపద బాణీలో, జనం కలిసి అందుకునే పల్లవితో పుట్టింది. ఒకే రకమైన శ్రమ రెండు చోట్ల రెండు రకాల సంగీతాలను కనిందంటే, శ్రమతో పాటు మరికొన్ని అంశాలు పనిచేశాయన్నమాట.

గది, టేపు, తపాలా

మొదటిది గది. ఆల్టెనెస్సెన్‌లో ఎప్పుడో పని ఆగిపోయిన కార్ల్ అనే బొగ్గుగని భవనాలను 1970ల చివర్లో స్థానికులు సాంస్కృతిక కేంద్రంగా మార్చుకున్నారు. క్రియేటర్ పిల్లలు సాధన చేసింది, తొలినాళ్ళ కచేరీలు చేసింది అక్కడే. పాడుబడ్డ పరిశ్రమ చవకగా చోటిచ్చింది. ఆ మందపాటి గోడల మధ్య ఎంత గట్టిగా వాయించినా ఇరుగుపొరుగు వచ్చి తలుపు తట్టరు. విద్యుత్ గిటార్ల సంగీతానికి ఇది చిన్న విషయం కాదు.

రెండవది టేపు. ఈ బృందాలు తమ పాటలను చవక పరికరాల మీద రికార్డు చేసి, ఖాళీ క్యాసెట్ల మీదికి ఎక్కించి, తపాలాలో పంపేవి. అందుకున్నవాడు మరో నలుగురికి నకళ్ళు తీసి పంపేవాడు. అభిమానులే రాసి, జిరాక్సు తీసి, పిన్నులు కొట్టి పంచే చిన్న పత్రికల్లో చిరునామాలు ఉండేవి. 1983లో అలాగే మొదలైన రాక్ హార్డ్ అనే పత్రిక తర్వాత డోర్ట్‌మండ్ కేంద్రంగా ఐరోపాలోని ముఖ్యమైన మెటల్ పత్రికల్లో ఒకటయింది. రేడియో వేయలేదు, టీవీ చూపలేదు, పెద్ద కంపెనీలు పట్టించుకోలేదు. తపాలా బిళ్ళ పని చేసింది.

అదే దశకంలో గల్ఫ్ నుంచి ఊరికి వచ్చే మనిషి చేతిలో టూ-ఇన్-వన్ ఉండేది. అక్షరం రాని తల్లికి కొడుకు గొంతు క్యాసెట్టులో అందేది. ఆమె మాటలు మరో క్యాసెట్టులో ఎడారికి వెళ్ళేవి. ఒకే వస్తువు రెండు లోకాల్లో ఒకే పని చేసింది. అధికారిక మార్గాలు మోయని గొంతును అది మోసింది.

మూడవది చిన్న కంపెనీలు. బెర్లిన్‌లో కార్ల్-ఉల్రిక్ వాల్టర్‌బాఖ్ అప్పటికే పంక్ రికార్డులు అచ్చువేసిన అనుభవంతో నాయిస్ అనే సంస్థను నెలకొల్పాడు. క్రియేటర్‌తో పాటు స్విట్జర్లండుకు చెందిన హెల్‌హామర్, దాని నుంచి రూపాంతరం చెందిన సెల్టిక్ ఫ్రాస్ట్, ఆ తర్వాత కరోనర్ కూడా ఆ గూటివే. సోడమ్ రికార్డులను హానోవర్‌లోని స్టీమ్‌హామర్ వెలువరించింది. ఈ సంస్థలు పిల్లల చేత అన్యాయపు ఒప్పందాల మీద సంతకాలు పెట్టించుకున్నాయా అన్న చర్చ వేరు. వారు లేకుంటే ఆ నాదం టేపుల మీదే అరిగిపోయేది.

నాలుగవది కాలం. 1979లో నాటో తీసుకున్న నిర్ణయం ప్రకారం 1983 చివర్లో పశ్చిమ జర్మనీలో అమెరికా పెర్షింగ్ క్షిపణులు వచ్చి నిలిచాయి. 1981 అక్టోబరులో బాన్ నగరంలో సుమారు మూడు లక్షల మంది శాంతి ప్రదర్శన చేశారు. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ జరిగింది. యుద్ధం వస్తే ముందు కాలేది తమ దేశమేనని తెలిసిన తరం అది. తొలి పాటల్లోని దయ్యాలూ సమాధులూ చాలావరకు వెనమ్ నుంచి తెచ్చుకున్న కుర్రచేష్టలు. రెండు మూడేళ్ళలోనే ఆ దయ్యాల స్థానంలోకి క్షిపణులు, కాలుష్యం, నియంతలు వచ్చారు. సోడమ్ 1989లో వెలువరించిన ఏజెంట్ ఆరెంజ్, వియత్నాంలో అమెరికా చల్లిన విషరసాయనం పేరు పెట్టుకుంది. జర్మనీ జనాదరణ పట్టికలోకి ఎక్కిన థ్రాష్ రికార్డుల్లో అది ఒకటి.

ఇది మగపిల్లల లోకమన్న విమర్శ న్యాయమైనదే. అయితే ఆఖెన్ నగరపు హోలీ మోసెస్ బృందంలో సబీనా క్లాసెన్ 1980ల తొలినాళ్ళ నుంచే గర్జించే గొంతుతో ముందు నిలిచింది. ఈ పద్ధతిలో పాడిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు.

అరువు భాష

ఈ బృందాలన్నీ ఇంగ్లీషులో పాడాయి. అది వారి మాతృభాష కాదు. బడిలో నేర్చుకున్నది కొంత, రికార్డుల అట్టల మీద చదివినది కొంత. తొలి రికార్డుల్లో వ్యాకరణం కుంటుతుంది, మాటల పొందిక వింతగా ఉంటుంది, హల్లులు జర్మన్ నాలుక మీద మొరటుగా పలుకుతాయి. ఇంగ్లీషు పత్రికలు అప్పట్లో నవ్వాయి.

నిదానంగా చూస్తే, ఆ లోపమే శైలికి బలమయింది. భాష మీద పట్టున్నవాడు నుడికారంతో ఆడుకుంటాడు, వ్యంగ్యం వెనక దాక్కుంటాడు. పట్టులేనివాడికి నామవాచకాలే దిక్కు: చావు, నొప్పి, మంట, కోపం. అలాంటి మాటలు గుండ్రాళ్ళలా వచ్చి పడతాయి. పైగా ఆ ఇంగ్లీషు ఎవరి ఊరిదీ కాదు. అది లండను సొత్తూ కాదు, న్యూయార్కు సొత్తూ కాదు. బెలో హొరిజాంచిలో, జకార్తాలో, హైదరాబాదులో ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకున్న కుర్రాడు దాన్ని విన్నప్పుడు తన యాస గురించి సిగ్గుపడనక్కర్లేకపోయింది. ఇది మన భాషే, మనలాంటివాడే పాడాడు అనిపించింది. దోహా ఆఫీసుల్లో ఫిలిప్పీన్స్, ఈజిప్టు, కేరళ, నేపాల్ మనుషులు కలిసి మాట్లాడుకునే ఇంగ్లీషు ఎలాంటిదో తెలిసిన మనకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

దీనికి మంచి నిదర్శనం బ్రెజిల్‌కు చెందిన సెపుల్తురా. వారి రాష్ట్రం పేరు మీనాస్ జెరాయిస్. అంటేనే గనులని అర్థం. 1985, 1986లలో వారి తొలి రికార్డులు కాలిఫోర్నియా వైపు కంటే ఐరోపా వైపే ఎక్కువ చూశాయి. 1989లో వారు తొలిసారి ఐరోపా పర్యటన చేసింది సోడమ్ బృందంతో కలిసి.

గోడకు అటువైపు

పోలండులో కాటోవిత్సె కూడా బొగ్గు నగరమే. అక్కడి స్పోడెక్ అనే పెద్ద మందిరంలో 1986 నుంచి మెటల్‌మేనియా అన్న ఉత్సవం మొదలయింది. ఆ ఊరి కాట్, పోజ్నాన్‌కు చెందిన టుర్బో వంటి బృందాలు ప్రభుత్వ నియంత్రణ నడుమనే తమ థ్రాష్‌ను కట్టుకున్నాయి. డెన్మార్క్ బృందం ఆర్టిలరీ 1990లో తెచ్చిన బై ఇన్‌హెరిటెన్స్ అన్న రికార్డు తాష్కెంట్ పేరున్న వాద్యఖండంతో మొదలై, తూర్పుదేశపు స్వరఛాయలను థ్రాష్‌లోకి తెచ్చింది.

అన్నిటికంటే గుర్తుంచుకోదగ్గ సందర్భం తూర్పు బెర్లిన్‌లోది. గోడ కూలిన నాలుగు నెలలకు, 1990 మార్చి 4న, వెర్నెర్ జేలెన్‌బిండెర్ మందిరంలో క్రియేటర్, టాంకర్డ్, కరోనర్, ఇంగ్లండుకు చెందిన సబాట్ ఒకే వేదిక మీద వాయించాయి. తూర్పు జర్మనీలో స్వేచ్ఛగా జరిగిన ఏకైక పార్లమెంటు ఎన్నికకు అప్పటికి ఇంకా రెండు వారాలుంది. అన్నాళ్ళూ నకలు టేపుల్లో విన్న గొంతులను ఆ పిల్లలు మొదటిసారి కళ్ళతో చూశారు. ఆ కచేరీ చిత్రీకరణ ఈనాటికీ దొరుకుతుంది. అందులో వేదిక కంటే జనాన్ని చూడడమే ఎక్కువ కదిలిస్తుంది.

వెలితి, తిరిగి రాక

1991 తర్వాత గాలి మారింది. మెటాలికా వేగం తగ్గించి కోట్లకు పడగెత్తింది. సియాటిల్ సంగీతం యువతను లాక్కుపోయింది. క్రియేటర్ 1992లో రెన్యూవల్, 1999లో ఎండోరామా అన్న రికార్డుల్లో వేరే దారులు వెతికింది. అభిమానులు మొహం తిప్పుకున్నారు. డిస్ట్రక్షన్ నుంచి గాయకుడు ష్మీర్ విడిపోయి, పదేళ్ళ తర్వాత 1999లో తిరిగి వచ్చాడు. 2001లో క్రియేటర్ వయలెంట్ రెవల్యూషన్ అన్న రికార్డుతో పాత వేగాన్ని కొత్త నేర్పుతో తెచ్చుకుంది. ఆ ఏడే క్రియేటర్, డిస్ట్రక్షన్, సోడమ్ కలిసి పర్యటించాయి. 2017లో గాడ్స్ ఆఫ్ వయలెన్స్ జర్మనీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. టాంకర్డ్ అదే సంవత్సరం మే నెలలో బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో, జర్మన్ కప్పు ఫుట్‌బాల్ ఫైనల్‌కు ముందు, తమ ఊరి జట్టు కోసం పాడింది. ఆ బృందం సభ్యులు మొదటి నుంచీ ఉద్యోగాలు చేసుకుంటూనే సంగీతం సాగించినవారు.

2018 డిసెంబరు 21న బోట్రోప్‌లోని ప్రోస్పర్-హానియెల్ మూతపడడంతో జర్మనీలో నల్లబొగ్గు గనుల తవ్వకం ముగిసింది. గెల్జెన్‌కిర్షెన్‌లో పాత నార్డ్‌స్టెర్న్ గని ఉన్న నేల ఇప్పుడు ఉద్యానవనం. అక్కడి కాలువ ఒడ్డున ఉన్న ఆరుబయలు రంగస్థలంలో 2003 నుంచి రాక్ హార్డ్ పత్రిక మెటల్ ఉత్సవం జరుపుతోంది. గని పోయింది, దాని పక్కన పుట్టిన చప్పుడు మిగిలింది.

ఎందుకు నిలిచింది?

ఒక కారణం శరీరానికి సంబంధించినది. థ్రాష్ కష్టపడి వాయించవలసిన సంగీతం. దాన్ని యంత్రం చేత చేయించడం సులభమైన ఈ రోజుల్లో కూడా, ఇద్దరు గిటారిస్టులు, ఒక డ్రమ్మరు ఒకే ఊపిరితో నాలుగు నిమిషాలు పరుగెత్తడం చూసినప్పుడు మనిషి శ్రమ పట్ల గౌరవం కలుగుతుంది. అరవయ్యేళ్ళకు చేరువైన మిలె వేదిక మీద నిలబడినప్పుడు చూసేవారికి కనబడేది ఆ శ్రమే.

రెండవ కారణం నీతికి సంబంధించినది. ఈ సంగీతం కోపాన్ని దాచదు, అలాగని ఒంటరిగా వదిలిపెట్టదు. దాన్ని తాళంలో కట్టి పదిమంది మధ్య పెడుతుంది. వేదిక ముందు ఒకరినొకరు తోసుకుంటూ తిరిగే గుంపులో ఎవరైనా పడిపోతే పక్కవారు వెంటనే లేవదీయడం అక్కడి అలిఖిత నియమం.

మూడవది, దీన్ని ఎవరైనా ఎత్తుకోవచ్చు. బాగ్దాదులో 2001లో అక్రసికౌడా బృందం థ్రాష్ వాయించింది. యుద్ధం వారిని సిరియాకు, టర్కీకి, చివరకు అమెరికాకు తరిమింది. దుబాయిలో నెర్వ్‌సెల్ బృందం డెత్ మెటల్, థ్రాష్ కలిపి ఐరోపా కంపెనీ ద్వారా రికార్డులు తెచ్చింది. బెంగళూరులో 1998లో మొదలైన క్రిప్టోస్ 2010లో ఐరోపా పర్యటన చేసి, 2013లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో వాయించి, ఆ తర్వాత జర్మన్ కంపెనీ ద్వారా రికార్డులు వెలువరించింది. హైదరాబాదులో 2015లో ఏర్పడ్డ గాడ్‌లెస్ 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ అన్న పూర్తి నిడివి రికార్డును తెచ్చింది. ఆ సంగీతంలో ఎస్సెన్ ఛాయలు స్పష్టంగా వినబడతాయి.

ఇక్కడే మనం, ఖతార్‌లో ఉన్నవాళ్ళం, ఒక ప్రశ్న దగ్గర ఆగాలి. మెసాయిద్‌లో 1978 నుంచి ఉక్కు కరుగుతోంది. రాస్ లఫాన్‌లో గాస్ ద్రవమవుతోంది. పనివారిలో అత్యధికులు వలస వచ్చినవారే. రూర్‌తో ఇన్ని పోలికలున్న చోట, ఈ పరిశ్రమల మధ్య నుంచి అలాంటి సంగీతం ఎందుకు పుట్టలేదు?

సమాధానం థ్రాష్ పుట్టుకలోనే ఉంది. కలాబ్రియా నుంచి వచ్చిన అతిథి కార్మికుడి కొడుకు ఎస్సెన్‌లో ఉండిపోగలిగాడు. ఆ ఊరిని తన ఊరనుకున్నాడు, దానిమీద కోపగించుకునే హక్కు సంపాదించుకున్నాడు, పాడుబడ్డ గనిలో ఒక గది దొరికించుకున్నాడు, తోటివారితో ఏళ్ళ తరబడి సాధన చేశాడు. గల్ఫ్‌లో నివాసం సాధారణంగా ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. క్యాంపులో ఉండే కార్మికుడి కుటుంబం ఊళ్ళోనే ఉంటుంది. ఆఫీసులో పనిచేసేవారి పిల్లలు ఇక్కడ బడి ముగించి, సరిగ్గా గిటారు పట్టే వయసులో, హైదరాబాదుకో టొరంటోకో వెళ్ళిపోతారు. సంగీతం పుట్టడానికి శ్రమ, బాధ, చప్పుడు చాలవు. ఉండిపోవడం కావాలి. అందుకే గల్ఫ్ వలస గురించిన మన పాటలు ఇక్కడ కాక, కరీంనగర్, నిజామాబాదు పల్లెల్లో, వెనక మిగిలినవారి గొంతుల్లో పుట్టాయి.

థ్రాష్ మెటల్ వింటున్న దోహా తెలుగువాడు ఏమి వింటున్నాడో ఇప్పుడు కాస్త స్పష్టంగా చెప్పవచ్చు. అతడు వింటున్నది మరొకరి ఊరి బొగ్గుబాయి చప్పుడు. అతిథిగా వచ్చినవాడి బిడ్డ ఇక అతిథిగా ఉండడానికి ఒప్పుకోకుండా వేసిన కేక. శుక్రవారం పూట తలుపులు మూసుకుని, పక్క ఫ్లాటువారికి ఇబ్బంది లేకుండా చెవుల్లోనే పెట్టుకుని వింటున్నా, ఆ కేకలో తనకు చెందినదేదో ఉందని అతనికి తెలుస్తూనే ఉంటుంది.